యూత్‌తో బైబిల్ స్టడీ ఎట్ల మొదలుపెట్టాలి, మూడో వారానికే ఆగిపోకుండా ఎట్ల నడపాలి

మన చర్చిల్లో యూత్ మీటింగ్ అంటే ఎట్ల ఉంటుందో అందరికీ తెలుసు, ముందు నాలుగు పాటలు, ఒక సాక్ష్యం, తర్వాత ఒక అన్న ముప్పావుగంట వాక్యం చెప్తాడు, లాస్ట్‌లో ప్రేయర్, బిస్కెట్లు, గ్రూప్ ఫోటో, అయిపోయింది. అది తప్పని నేను అనట్లేదు, దాని పని దానిది. కానీ దాన్నే పోస్టర్ మీద "బైబిల్ స్టడీ" అని వేసి వాట్సాప్‌లో తిప్పుతారు చూడండి, చిక్కంతా అక్కడే వస్తుంది. స్టడీ అంటే వచ్చిన ప్రతి ఒక్కరూ వాక్యం తెరిచి చూడాలి, చూసింది నోరు తెరిచి చెప్పాలి, అర్థం కాకపోతే అడగాలి. ఒకరు చెప్తా ఉంటే తొమ్మిది మంది తలూపితే అది ఇంకో ప్రసంగమే.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం 11వ వచనం ఒకసారి తీయండి. బెరయ ఊర్లో వాళ్ళకి చెప్పింది ఎవరో చిన్న సేవకుడు కాదు, సాక్షాత్తూ పౌలు, పక్కన సీల కూడా ఉన్నాడు. అయినా వాళ్ళు ఆసక్తిగా విని, ఆ సంగతులు "ఆలాగున్నవో లేవో" అని రోజూ లేఖనాలు తెరిచి చూసుకున్నారు. దానికి వాళ్ళని ఘనులు అని రాశారే గానీ విశ్వాసం లేనోళ్ళు అని రాయలేదు. మీ గ్రూపులో ఎవరైనా పిల్లోడు ప్రశ్న అడిగితే "నీకు విశ్వాసం తక్కువ" అనే పెద్దలు ఉంటే ఈ వచనం మెల్లగా చూపించండి, గొడవ పెట్టుకోకుండా.

ఇంక పనిలోకి వెళ్దాం. తిరుపతి, చిత్తూరు వైపు ఉండే యూత్‌ని మనసులో పెట్టుకుని రాస్తున్నా, వేరే ఊరోళ్ళు వాళ్ళకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు మనుషులు

ఆరు మంది నుంచి పది మంది, అంతకు మించి వద్దు. పన్నెండు దాటితే మాట్లాడేవాళ్ళు ఆ నలుగురే అవుతారు, మిగతావాళ్ళు ఫోన్ చూసుకుంటారు. ఇరవై మంది వచ్చారంటే సంతోషమే, కానీ రెండు గుంపులు చేయండి, ఒకే రూములో రెండు మూలలైనా పర్లేదు.

పోస్టర్ వేయొద్దు. విడివిడిగా అడగండి. "శనివారం సాయంత్రం ఒక గంటన్నర, నాలుగు వారాలు మాత్రమే, నచ్చకపోతే మానేయొచ్చు" అని. నాలుగు వారాలు అని చెప్పడం ముఖ్యం, ఎందుకంటే మన పిల్లలకి ఎప్పుడు అయిపోతుందో తెలీని దానికి మాట ఇవ్వాలంటే భయం, ఒకళ్ళకి సెమిస్టర్ ఎగ్జామ్స్, ఒకళ్ళకి శ్రీసిటీలో షిఫ్ట్ డ్యూటీ, ఒకళ్ళు బీఈడీ అయిపోయి డీఎస్సీ కోసం కోచింగ్‌లో ఉంటారు. షిఫ్ట్ వాళ్ళు వారం మార్చి వారమే రాగలరు, అది ముందే ఒప్పుకోండి, రాలేదని గ్రూపులో సాధించొద్దు.

అయ్యగారికి, అంటే మీ పాస్టర్‌కి, ముందే చెప్పండి. పర్మిషన్ కోసమనే కాదు, చెప్పకుండా మొదలుపెడితే "వీళ్ళు వేరే సంఘం పెడతా ఉన్నారంట" అని ఆదివారం లోపల ఊరంతా తిరుగుతుంది, ఆ మాట వెనక్కి తీసుకోవడం కష్టం. ఆడపిల్లలు వస్తా ఉంటే వాళ్ళ అమ్మావాళ్ళతో ఒక అక్క వెళ్ళి మాట్లాడాలి, ఎక్కడ, ఎన్ని గంటలకి అయిపోతుంది, ఎవరు తోడు వస్తారు అని. హాస్టల్ పిల్లలకి ఇన్‌టైం ఉంటుంది, అది దాటితే రెండో వారం వాళ్ళు రారు.

ఇంకో సంగతి. మన వైపు యూత్ ఒకచోట కూర్చున్నారంటే నాలుగైదు రకాల సంఘాల నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. చిత్తూరు, మదనపల్లె వైపు పాత ఆర్కాట్ మిషన్ సంఘాలు, అవి 1947లో సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి. తిరుపతి, కాళహస్తి, గూడూరు వైపు లూథరన్ సంఘాలు ఎక్కువ, సౌత్ ఆంధ్రా లూథరన్ చర్చి హెడ్డాఫీసు కూడా తిరుపతిలోనే. వీటి పక్కన పెంతెకొస్తు, బ్రదరెన్, బాప్టిస్టు, ఆర్సీఎం (రోమన్ కాథలిక్), ఈమధ్య వచ్చిన ఇండిపెండెంట్ సంఘాలు. వీళ్ళందరినీ కూర్చోబెట్టి మొదటి రోజే చిన్నపిల్లల బాప్తిస్మం కరెక్టా, ఆత్మ వరంగా తెలీని భాషలు మాట్లాడటం అందరికీ ఉందా అని ఎత్తుకున్నారంటే ఇంక అంతే సంగతులు. అవి వచ్చే భాగం వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చు, అప్పటికి ఒకరి మీద ఒకరికి గౌరవం ఏర్పడి ఉంటుంది కాబట్టి అరుచుకోరు. అరిచినా తక్కువ అరుస్తారు.

ప్లేస్, టైం

చర్చి హాల్ కంటే ఇల్లు మంచిది, కింద చాప వేసుకుని గుండ్రంగా కూర్చోవాలి. వరుసగా కుర్చీలు వేసి ముందర ఒక స్టాండ్ పెట్టారంటే ఎవరు కూర్చున్నా ప్రసంగం చేయాలనిపిస్తుంది, ఇది నిజం, కావాలంటే చూడండి. మైకు, కీబోర్డు అస్సలు వద్దు. ఒక పాట చాలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోది అయినా సరే, చప్పట్లు లేకుండా. పక్కింటోళ్ళకి ఇబ్బంది లేకపోతే ఓనర్ ఖాళీ చేయమనడు.

తిరుపతిలో ఉండేవాళ్ళకి ఒక మాట విడిగా చెప్పాలి. ఇది గుడి ఊరు. తిరుమల కొండ మీద ఇతర మతాల ప్రచారం 2007 నుంచి చట్టప్రకారం నిషేధం, ఆ గీత దాటే ఆలోచన కూడా వద్దు, "ట్రిప్ మాదిరి కొండకి పోయి ఏదో ఒక తోటలో స్టడీ పెట్టుకుందాం" అని ఎవరైనా అంటే నవ్వేసి వదిలేయండి. కింద ఊర్లో కూడా మీరు చేసేది మీ విశ్వాసం గురించి మీరు చదువుకోవడం, అంతవరకే. క్లాస్‌మేట్ ఎవరైనా, క్రైస్తవుడు కాకపోయినా, ఇష్టపడి వచ్చి కూర్చుంటే మర్యాదగా కూర్చోబెట్టండి, బలవంతం చేయొద్దు, వాళ్ళ దేవుళ్ళ గురించి ఒక్క తేలిక మాట కూడా రానీయొద్దు. అది చట్టం కోసం కాదు, మర్యాద.

గరుడ సేవ రోజు, వైకుంఠ ఏకాదశి రోజు, మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో మీటింగ్ పెట్టకండి, బస్సులు తిరగవు, సగం మంది ట్రాఫిక్‌లోనే ఉంటారు. చిత్తూరు వైపు మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల్లో పనికి పోయే పిల్లలు ఉంటారు, ఆ రెండు మూడు నెలలు టైం వాళ్ళని అడిగి పెట్టండి. మామూలు రోజుల్లో శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. ఆరు అంటే ఆరే. ఇద్దరే ఉన్నా మొదలుపెట్టండి, లేకపోతే టైంకి వచ్చినోళ్ళు కూడా వచ్చే వారం నుంచి లేటుగా వస్తారు.

ఏ పుస్తకం

బైబిల్లో చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం వద్దు. అందరూ మొదట అదే అంటారు, అంత్యక్రీస్తు ఎవరు, 666 ఏంటి, ఆధార్ కార్డుకి దానికి లింకు ఉందా అని. వద్దు.

నాలుగు వారాల ట్రయల్‌కి యోనా పెట్టండి, నాలుగు అధ్యాయాలు, వారానికి ఒకటి, కథ కాబట్టి ఎవరికీ బోర్ కొట్టదు, సండే స్కూల్లో విన్నదే కాబట్టి అందరూ తెలుసనుకుంటారు, నాలుగో అధ్యాయం కొచ్చేసరికి "ఇది ఎప్పుడూ వినలేదే" అంటారు. చేప మింగడంతో కథ అయిపోదు, ప్రవక్త దేవుడి మీద అలిగి ఎండలో కూర్చోవడం, సొరచెట్టు, పురుగు, చివర్లో దేవుడు వేసిన ప్రశ్న, దానికి యోనా ఏం జవాబు చెప్పాడో పుస్తకంలో ఉండదు. ఇష్టం లేని జనాలని కూడా దేవుడు క్షమిస్తే మనకి ఎందుకు మంట అని ఆ రోజు మాట్లాడుకోవచ్చు, బాగా వస్తుంది.

ట్రయల్ బాగుంటే మార్కు సువార్తకి వెళ్ళండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు. వారానికి అధ్యాయం చొప్పున పరిగెత్తొద్దు, ఒక సంఘటన తీసుకోండి, పది పదిహేను వచనాలు. సగం దగ్గర, 8వ అధ్యాయం 29లో పేతురు "నీవు క్రీస్తువు" అనే మాట దాకా ఒక విడత, అక్కడ గ్యాప్ ఇచ్చి మిగతాది ఇంకో విడత. పత్రికలు, అంటే సంఘాలకి రాసిన ఉత్తరాలు, కావాలంటే ఫిలిప్పీ, అది కూడా నాలుగు అధ్యాయాలే, పౌలు బంధకాల్లో ఉండి సంతోషించండి అని రాసినది.

ఒకటి మాత్రం చేయొద్దు. ఈ వారం ప్రేమ, వచ్చే వారం పెళ్ళి, ఆ తర్వాత కెరీర్ అని టాపిక్ పెట్టుకుని బైబిల్లో అక్కడక్కడ వచనాలు ఏరుకోవడం. ఒక పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వెళ్తే మనం తప్పించుకోవాలనుకునే భాగం కూడా మీద పడుతుంది. ఉపయోగం అక్కడే ఉంది.

బైబిళ్ళు, జిరాక్సు

ఇది చిన్న విషయం అనుకుంటారు గానీ సగం స్టడీలు ఇక్కడే చెడతాయి. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి పాత తెలుగు బైబిల్ చదవడం నోరు తిరగదు, చిత్తూరు వైపు పిల్లల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు, తమిళ బైబిల్ తెచ్చుకునేవాళ్ళు కూడా ఉంటారు, నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు వెర్షన్లు తెరుస్తారు. సిగ్గుపడి చదవనివాళ్ళు మాట్లాడరు కూడా. కాబట్టి ఆ రోజు భాగాన్ని ఒక ఏ4 పేపర్ మీద ప్రింట్ తీయండి, లైన్ల మధ్యలో ఖాళీ బాగా వదిలి, పక్కన మార్జిన్ వదిలి. పాత బీఎస్ఐ (బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా) తెలుగు బైబిల్ ఒకవైపు, వాడుక భాషకి దగ్గరగా ఉండే ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ 2019 ఇంకోవైపు, రెండూ యూవర్షన్ బైబిల్ యాప్‌లో దొరుకుతాయి, కాపీ చేసుకుని పెట్టుకోవచ్చు.

వచనాల నంబర్లు తీసేసి ప్రింట్ చేయండి. ఇదేం అపవిత్రం కాదు, ఆ నంబర్లు రాసినవాళ్ళు పెట్టినవి కావు, కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ప్రింటర్ పెట్టినవి. నంబర్లు పోతే వచనం వచనంగా ముక్కలు చేయడం ఆగిపోయి కథని కథలా చదువుతారు. అందరికీ ఒక్కో పెన్ను. ఫోన్లు మధ్యలో ఒక స్టీల్ గిన్నెలో.

నడిపేవాళ్ళు ఇంట్లో చేయాల్సింది

ఆ వారం నడిపే అన్న గానీ అక్క గానీ ఆ భాగాన్ని కనీసం నాలుగైదు రోజులు రోజూ చదవాలి. యూట్యూబ్‌లో దాని మీద ప్రసంగం వినకండి, కనీసం గురువారం దాకా. వింటే ఆ పాయింట్లే మీ నోట్లోంచి వస్తాయి, గ్రూపులో వాళ్ళు కొత్తగా ఏం చూసినా మీ చెవికి ఎక్కదు.

తర్వాత ప్రశ్నలు రాసుకోండి, ఏడెనిమిది చాలు. "యేసు ఇక్కడ మనకి ధైర్యం నేర్పుతున్నాడు కదా?" ఇది ప్రశ్న కాదు, అవును అనిపించుకోవడం. "ఇక్కడ ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏం మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు?" ఇది ప్రశ్న. పేపర్ మీద వేలు పెట్టి చూపించగలిగే జవాబు ఉండాలి ముందు ప్రశ్నలకి, ఆలోచించాల్సినవి తర్వాత, "మరి మన సంగతేంటి" అనేది చివర. చూడటం, అర్థం చేసుకోవడం, పాటించడం, ఈ వరస మారకూడదు. మన అలవాటు ఏంటంటే చదివిన రెండో నిమిషంలోనే "దేవుడు నాతో మాట్లాడింది ఏంటంటే" అని మూడో దాంట్లోకి దూకేయడం.

కాలేజీల్లో యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థుల సంఘం వాళ్ళ చిన్న గుంపుల్లో కూర్చున్నవాళ్ళకి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం

ఆరింటికి చిన్న ప్రార్థన, ఒక పాట, పది నిమిషాల్లో అయిపోవాలి. తర్వాత భాగాన్ని గట్టిగా రెండుసార్లు చదవండి, ఒకసారి పాత తెలుగులో, ఒకసారి వాడుక భాషలో, వేర్వేరు గొంతులతో. ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాలు పూర్తి సైలెన్స్, ఎవరి పేపర్ వాళ్ళు. కొత్తగా కనిపించిన దాని పక్కన బల్బు గుర్తు, అర్థం కానిదాని పక్కన ప్రశ్న గుర్తు, నా బతుకుకి తగిలిందనుకున్న దాని పక్కన బాణం గుర్తు. స్వీడిష్ మెథడ్ అంటారు దీన్ని, పేరు ఏదైతే ఏం, మాట్లాడటానికి మొహమాటపడే పిల్లలకి ఇది బంగారం, ఎందుకంటే "నీ పేపర్‌లో ప్రశ్న గుర్తు ఎక్కడ పెట్టావు?" అంటే చాలు, వాళ్ళు చూపిస్తారు, మాట దానంతట అదే వస్తుంది. సైలెన్స్ మొదటి వారం చాలా ఇబ్బందిగా ఉంటుంది. భరించండి.

ఉదాహరణకి మార్కు 4వ అధ్యాయం 35 నుంచి 41, తుపాను భాగం, యేసు, శిష్యులు దోనెలో (పడవలో) పోతా ఉంటే తుపాను వస్తుంది, నిద్రపోతున్న ఆయన్ని వాళ్ళు లేపుతారు, ఆయన గాలిని ఆపుతాడు. ఎన్ని ప్రసంగాలు విని ఉంటారు దీని మీద. "నీ జీవిత దోనెలో యేసు ఉన్నాడా" అనే లైను అందరికీ వచ్చు. దాన్ని పక్కన పెట్టి పేపర్ మీద ఉన్నది అడగండి.

అద్దరికి, అంటే అవతలి ఒడ్డుకి, పోదాం అన్నది ఎవరు? యేసే. శిష్యులు మొండికేసి పోయిన ప్రయాణం కాదు అది, ఆయన చెప్పినట్టు చేసినందుకే తుపాన్లో ఇరుక్కున్నారు. ఇది ఒక్కటి చాలు, "కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం ఉంది" అని ఇంట్లో విని విని నలిగిపోయిన పిల్లలు తలెత్తి చూస్తారు.

ఎన్ని దోనెలు ఉన్నాయి? అందరూ ఒకటి అంటారు. మళ్ళీ చదవమనండి, "మరికొన్ని దోనెలు" కూడా వెంబడి వచ్చాయి అని ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. మరి గాలి ఆగినప్పుడు వాళ్ళకి కూడా ఆగింది కదా, ఎవరు ఆపారో వాళ్ళకి తెలిసిందో లేదో రాయలేదు. దీని మీద ఎక్కువ సాగదీయకండి, ఊరికే చూడమనండి చాలు.

శిష్యుల్లో ఈ నీళ్ళు తెలిసినవాళ్ళు ఎవరు? సీమోను, అంద్రెయ, యాకోబు, యోహాను, నలుగురూ జాలర్లు, మొదటి అధ్యాయంలో వచ్చింది. పైగా గలిలయ సముద్రం అంటే మన మైపాడు బీచ్ మాదిరి కాదు, అది మంచినీళ్ళ సరస్సు, పొడవు 21 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 200 మీటర్ల పైనే కిందకి ఉంటుంది, చుట్టూ కొండలు, ఆ కొండల మీద నుంచి గాలి ఉన్నట్టుండి దిగి అలలు లేపుతుంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే చచ్చిపోతున్నాం అన్నారంటే తుపాను మామూలుది కాదు. ఇట్లాంటి వివరాలు నడిపేవాళ్ళు చెప్పాలి, ఎందుకంటే అవి పేపర్‌లో ఉండవు. రెండు మూడు లైన్లలో చెప్పి ఆపేయండి.

వాళ్ళు ఆయన్ని లేపి ఏమన్నారు? "మమ్మల్ని కాపాడు" అనలేదు మార్కులో. "నీకు చింతలేదా" అన్నారు. ఇది ప్రార్థన అంటారా, కోపం అంటారా? ఇక్కడ ఆగండి, ఎంతసేపైనా ఆగండి. అమ్మ ఆస్పత్రిలో ఉంటే రుయా కారిడార్లో కూర్చుని ఇదే మాట అనుకున్నవాళ్ళు మీ చాప మీద ఉండొచ్చు, వాళ్ళు అది చెప్పినా చెప్పకపోయినా, ఆ మాట బైబిల్లో ఉందని, ఆ మాట అన్నవాళ్ళని యేసు దోనెలోంచి తోసేయలేదని వాళ్ళే చూస్తారు. ముందు గాలిని గద్దించాడు, ఆ తర్వాతే వాళ్ళని ప్రశ్నించాడు, ఆ వరస కూడా చూడమనండి.

ఇంక చివరిది. వాళ్ళు ఎప్పుడు ఎక్కువ భయపడ్డారు? తుపాన్లో అనుకుంటాం. కానీ "మిక్కిలి భయపడి" అనే మాట గాలి ఆగిపోయిన తర్వాత ఉంది. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి, ఇప్పుడు భయం దేనికి? ఎవరో ఒకరు "ఆయన్ని చూసి" అంటారు. తుపాను కంటే పెద్దవాడు పక్కన కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. ట్రయల్‌లో యోనా చదివి ఉంటే ఇక్కడ ఇంకో మంచి పని జరుగుతుంది, ఎవరో ఒక పిల్లోడు "అన్నా, యోనా కూడా ఓడలో నిద్రపోయాడు కదా, అక్కడ కూడా సముద్రం ఆగినాక ఓడోళ్ళు మిగుల భయపడ్డారు కదా" అని అరుస్తాడు. మీకు తెలిసినా తెలీనట్టు ఉండండి. వాళ్ళు కనిపెట్టింది వాళ్ళదే అవనీయండి. అందరూ యోనా 1వ అధ్యాయం తీసి పక్కపక్కన పెట్టి చదవండి, ఒకడు దేవుడి నుంచి పారిపోతా నిద్రపోయాడు, ఇంకొకరు తండ్రి మీద ఆనుకుని నిద్రపోయారు, ఆ రాత్రి ఇంక ప్రసంగం అక్కర్లేదు.

ఇదంతా ముప్పావుగంట పైనే పడుతుంది. మిగిలిన పదిహేను ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరు ఈ వారం చేసే ఒక పని చెప్పాలి, "ఇంకా ఎక్కువ ప్రార్థన చేస్తా" లాంటివి ఒప్పుకోవద్దు, "బుధవారం నాన్నకి ఫోన్ చేసి మాట్లాడతా" లాంటిది, చేశామా లేదా తెలిసేది. ఇద్దరిద్దరుగా ప్రార్థన చేసుకుని బొరుగులు, బజ్జీ, టీ. టీ దగ్గరే అసలు మాటలు వస్తాయి కొంతమందికి, కాబట్టి తరిమేయకండి.

వాగ్దానాల సంగతి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోని యూత్ మన దగ్గర ఉండరు. దాని మీద ఎక్కువగా వచ్చే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి, సమాధానకరమైన ఉద్దేశాలే గానీ హానికరమైనవి కావు అనే మాట. ఆ కార్డు పర్సులో పెట్టుకుని ఎగ్జామ్ రాసి, రిజల్ట్ రాకపోతే, "దేవుడు మాట తప్పాడా, నేను సరిగా నమ్మలేదా" అని రెండిట్లో ఏదో ఒకటి అనుకుని మెల్లగా చర్చికి దూరమైపోయే పిల్లలు ఉన్నారు. వాళ్ళ విశ్వాసం గట్టిపడాలంటే ఇంకో వాగ్దానం ఇవ్వడం కాదు, ఆ అధ్యాయం మొత్తం చదివించండి, ఒక సాయంత్రం దీనికే పెట్టండి.

అది బబులోనుకి చెరగా పోయినవాళ్ళకి రాసిన ఉత్తరం. 10వ వచనంలో 70 ఏళ్ళు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఇల్లు చూడరు. 5వ వచనం నుంచి ఏముంది, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని, ఆ పట్టణం వాళ్ళని ఎత్తుకుపోయిన శత్రువుదే. దీనికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా తిరిగొస్తుంది అని చెప్పాడు, జనానికి ఎవరి మాట నచ్చుతుందో మీరే ఊహించండి. రెండేళ్ళ మాట అబద్ధం, డెబ్బై ఏళ్ళ మాట నిజం. ఆ డెబ్బై ఏళ్ళ మధ్యలో నిలబడి చెప్పిన మాట ఆ 11వ వచనం.

ఇది చదివాక వాగ్దానం చిన్నదైపోదు. డీఎస్సీ ఈసారి వస్తుందా రాదా అనేదానికి అది జవాబు కాదని తెలుస్తుంది, అంతకంటే పెద్దదానికి జవాబని తెలుస్తుంది. ఫిలిప్పీ 4:13 కూడా ఇట్లే చదివించండి, "సమస్తమును చేయగలను" అనే ముందు రెండు వచనాల్లో కడుపు నిండి ఉండటం, ఆకలిగా ఉండటం రెండూ నేర్చుకున్నా అంటాడు పౌలు. జిమ్ గోడ మీద రాసుకునే వచనం కాదది.

వచ్చే తలనొప్పులు

ఒకరు ఆగకుండా మాట్లాడతారు. ప్రతి గ్రూపులో ఉంటారు, సాధారణంగా పాస్టర్ గారి అబ్బాయో, బైబిల్ క్విజ్‌లో ప్రైజులు కొట్టినోడో. అందరి ముందు ఆపొద్దు, విడిగా టీ తాగుతా "తమ్ముడూ, ఈ వారం నువ్వు రెండుసార్లే మాట్లాడు, మాట్లాడనోళ్ళతో మాట్లాడించే పని నీది" అని చెప్పండి, బాధ్యత ఇస్తే సర్దుకుంటారు. అస్సలు మాట్లాడనివాళ్ళని పేరు పెట్టి అందరి ముందు జవాబు అడగొద్దు, చదివే పని ఇవ్వండి ముందు.

జవాబు తెలీని ప్రశ్న వస్తుంది. మార్కు చివరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్లో చూసి "16వ అధ్యాయం 9 నుంచి 20 దాకా కొన్ని పాత ప్రతుల్లో లేదంట, నిజమేనా" అని అడుగుతారు. నిజమే, బాగా పాతవైన సీనాయి, వాటికన్ చేతిరాత ప్రతుల్లో మార్కు 8వ వచనంతో ఆగిపోతుంది. దాచకండి. మీరు దాచింది వాళ్ళకి యూట్యూబ్‌లో వేరే ఎవరో వెటకారంగా చెప్తారు, అప్పుడు పోయేది నమ్మకం. తెలీకపోతే "నాకు తెలీదు, అయ్యగారిని అడిగి వచ్చే వారం చెప్తా" అనండి, అని నిజంగా అడిగి చెప్పండి.

ఇంకొకరు "నాకు అసలు నమ్మకమే కుదరట్లేదు అక్కా" అంటారు. అప్పుడు మార్కు 9:24, బాగుచేయమని కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి మాట, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము". ఆ రెండూ ఒకే నోట్లోంచి వచ్చాయి, అయినా ఆయన కొడుకు బాగయ్యాడు. ఇది చెప్పి ఊరుకోండి, వెంటనే ప్రార్థన అని చెయ్యి తలమీద పెట్టేయొద్దు.

చాప మీద చెప్పిన ప్రార్థన మనవులు ఆ రూము దాటకూడదు. ఒకరి ఇంట్లో గొడవ గురించి చెప్పింది ఆదివారం ఆరాధనలో "ఒక కుటుంబం కోసం ప్రార్థన చేద్దాం" అని పేరు లేకుండా వచ్చినా సరే, చిన్న ఊర్లో ఎవరో అందరికీ తెలిసిపోతుంది, ఆ పిల్ల ఇంక రాదు. వాట్సాప్ గ్రూపులో టైం, ప్లేస్, ఆ వారం భాగం, అంతే. గుడ్ మార్నింగ్ వచనాల ఇమేజీలు పెట్టేవాళ్ళకి అడ్మిన్ రైట్స్ ఇవ్వకండి.

రెండో నెల నుంచి నడిపేవాళ్ళు మారాలి. ఎవరు నడుపుతారో రెండు వారాల ముందే చెప్పి, వాళ్ళు రాసుకున్న ప్రశ్నలు గురువారం ఒకసారి కలిసి చూడండి. మీరే నడిపితే బాగుంటుంది, తెలుసు. కానీ మీకు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో జాబ్ వచ్చిన రోజు గ్రూపు మూసేయాల్సి వస్తుంది.

మార్కు అయిపోయిన వారం కొత్త భాగం పెట్టకండి. రెండో శనివారం చూసుకుని పొద్దున్నే కూర్చుని మార్కు మొత్తం, మొదటి వచనం నుంచి చివరి దాకా, తలా ఒక అధ్యాయం గట్టిగా చదవండి, ఒకటిన్నర రెండు గంటల్లో అయిపోతుంది, మధ్యలో ఒక్క టీ. ఎవరూ వివరించొద్దు. అది అయ్యాక తర్వాత ఏ పుస్తకమో అక్కడే చేతులెత్తించి తేల్చేయండి. ఎవరో ఒకరు మళ్ళీ ప్రకటన గ్రంథం అంటారు, వాళ్ళని ముందు దానియేలు చదువుకుని రమ్మనండి.